జెండా లేని టేబుల్

పార్కులో తిరిగే ఎలుగుబంటికి నోరుంది గాని, అది మాట్లాడ్డానికి కాదు, చూడ్డానికి. వేషంలో ఉన్న మనిషి కళ్ళు సరిగ్గా ఆ నోటి దగ్గరికొస్తాయి. అక్కడ నల్లటి వలగుడ్డ కుట్టి ఉంటుంది. బయటివాళ్ళకు అది నోట్లోని చీకటిలా కనిపిస్తుంది. లోపలివాడికి లోకమంతా ఆ పళ్ళ మధ్య నుంచే కనిపించాలి. పైన పెట్టిన గాజు కళ్ళు ఉత్త అలంకారం. పిల్లలు పాపం వాటికేసి చూసే చెయ్యి ఊపుతుంటారు.

ఎలుగుబంటి మాట్లాడకూడదన్నది మొదటి నియమం. ఎవరేమన్నా, ఎంత గిల్లినా, తోక పట్టుకుని లాగినా నోరు మెదపకూడదు. జనం ముందు తలకాయ తీయకూడదన్నది రెండోది. చేరిన దగ్గర్నుంచీ అతను ఈ రెండింట్లో దేన్నీ తప్పలేదు. ఒకసారి ఎవరో పుణ్యాత్ముడు పాదంలోకి వేడి వేడి సూపు ఒలకబోసినా పళ్ళు బిగబట్టుకుని చిందులేశాడు. అది నాట్యమనుకుని హాలంతా చప్పట్లు కొట్టింది.

అసలతను జెయింట్ వీల్ నడిపేవాడు. హాయైన పని. ఒక మీట, ఒక కుర్చీ, పైన కావలసినంత గాలి. అలాంటి పని వదులుకుని, మోకాళ్ళు పట్టేసే వయసులో, పూట గడిచేసరికి బనీను పిండుకోవాల్సిన వేషంలోకి ఎందుకు దూరావయ్యా అని తోటివాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. మేనేజరైతే మతి ఉండే అడుగుతున్నావా అన్నాడు. అతను ఎవరికీ కారణం చెప్పలేదు. చెప్తే నవ్వుతారని భయం. ఆ కారణం వేలెడంత పసుపు జెండా.

పార్కు నడిమధ్యలో గుహలా కట్టిన హోటలుంది. ఎలుగుబంటి తిరిగేది అందులోనే. ఆ హోటల్లో మనుషులు కూర్చోగానే వడ్డించే అమ్మాయి మొట్టమొదట అడిగేది ఏం తింటారని కాదు, మీలో ఎవరికైనా పడనివి ఏమన్నా ఉన్నాయా అని. ఉన్నాయంటే ఆ టేబుల్ మీద పసుపు జెండా పెడుతుంది. జెండా ఉన్న టేబుల్‌కి వంట వేరు, గిన్నెలు వేరు, తెచ్చి పెట్టే మనిషి వేరు. ఎలుగుబంటి కూడా అక్కడ చేతులు వెనక్కి కట్టుకునే నిలబడాలి, అప్పటిదాకా అవి ఎంతమంది పిల్లల మూతులు తుడిచాయో ఎవరికి తెలుసు. వీల్ నడిపే రోజుల్లో ఏదో పనిమీద ఆ హోటల్లోకి వచ్చి అతను ఆ జెండా చూశాడు. అదేమిటని అడిగి తెలుసుకుని, వచ్చిన పని మర్చిపోయి అక్కడే నిలబడిపోయాడు. తన కూతురు ఇంటి బయట కూర్చుని నిశ్చింతగా నాలుగు ముద్దలు తినగలిగే చోటు ఈ లోకంలో ఒకటుందని అతనికి అప్పుడే తెలిసింది.

కూతురికి వేరుశెనగ పడదు. బుడిబుడి అడుగులు వేసే వయసులో ఎక్కడో ఒక్క పలుకు నోట్లో పెట్టుకుంది. చూస్తుండగానే పెదవులు ఉబ్బిపోయాయి, గొంతు పూడుకుపోయింది. డాక్టర్లు దక్కించారు గాని, ఆ పూట ఆసుపత్రి వరండాలో పట్టుకున్న భయం అతన్ని మళ్ళీ వదల్లేదు. పెళ్ళికి పిలిస్తే ముందు వంటవాళ్ళ దగ్గరికి పోయి ఏ నూనె వాడుతున్నారని కూపీ లాగేవాడు. చుట్టాలు బిస్కెట్టు ఇస్తే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. పిల్లతో ఆడుకోవడానికి స్నేహితులొస్తే గుమ్మంలో వరసగా నిలబెట్టి, చేతులు వాసన చూశాకే లోపలికి పంపేవాడు. అత్తవారి వైపు వాళ్ళు అతనికి వాసనరాయుడని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు అతని చెవిన పడింది కూడా. పడితే పడనీ, పిల్ల క్షేమంగా ఉంటే చాలనుకున్నాడు. అందులో తప్పుబట్టడానికేమీ లేదు. అలాంటి మనిషితో కాపురం చెయ్యడం మాత్రం ఎవరి తరమూ కాదు.

ఒకరోజు అత్తగారు మనవరాలి నోట్లో మిఠాయి ముక్క పెట్టబోతే చేతి మీద ఒక్క దెబ్బ వేశాడు. ముక్క నేల మీద పడింది.  పెద్దావిడ వంగి దాన్ని ఏరుకుని లోపలికి వెళ్ళిపోయింది. అది కొబ్బరి మిఠాయి. ఆ సాయంత్రం భార్య, "పిల్లకి వేరుశెనగ పడదు, నాకు మీరు పడరు" అంది. నవ్వుతూ అన్న మాట కాదు. కొన్నాళ్ళకు ఎవరి దారి వాళ్ళదయింది.

పిల్ల తల్లి దగ్గర ఉండిపోయింది. నెలకో ఆదివారం అతని గదికి వచ్చేది. ఆ ఒక్క పూట కోసం అతను గదంతా కడిగేవాడు. వేరుశెనగంటే ఒకప్పుడు అతనికి ప్రాణం, చొక్కా జేబులో ఎప్పుడూ గుప్పెడు ఉండాల్సిందే. ఇప్పుడు పిల్ల రాని వారాల్లో కూడా దాని జోలికి పోయేవాడు కాదు. వీధిలో ఎవరైనా వేయిస్తున్న వాసనొస్తే లేచి కిటికీ మూసేవాడు. పిల్ల వచ్చాక గిన్నెలు ఒకసారి కడిగి, వేడినీళ్ళు పోసి మళ్ళీ కడిగి, చాలదనిపించి ఇంకోసారి కడిగేవాడు. కూతురు మంచం మీద కూర్చుని, మాటాపలుకూ లేకుండా అతన్నే చూస్తుండేది. ఆ చూపుకు అతని కడుపు నిండిపోయేది. తనంటే ప్రేమున్న మనిషి ఒక్కరైనా ఉన్నారని ఆ చూపును చూసే నమ్మాడు.

ఈ మధ్య ఆదివారాలు తప్పుతున్నాయి. ఓసారి ఈత క్లాసు, ఓసారి స్నేహితురాలి పుట్టినరోజు. తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంది, ఒక బుడ్డోడు కూడా పుట్టాడు. ఆ రెండో ఆయన మంచివాడు. అదే పెద్ద చిక్కు, మనసారా తిట్టుకోవడానికి కూడా వీల్లేకుండా పోయింది. పార్కు వాళ్ళు పనివాళ్ళ కుటుంబాలకని ఇచ్చే పాసుల్ని అతను కూతురికి పంపాడు. చూద్దాం, కుదిరితే వస్తాం అంది తల్లి ఫోన్లో. ఎలుగుబంటి సంగతి అతను చెప్పలేదు. కూతురు జెండా ఉన్న టేబుల్ ముందు కూర్చుని భయం లేకుండా తినాలి. తను పక్కన నిలబడి చూడాలి. తిన్నాక చాటుకు తీసుకెళ్ళి తలకాయ తీసి చూపించాలి. అతనికి మిగిలిన ఆశల్లా అదొక్కటే. పిల్లకు ఊపిరి ఆడకపోతే వెయ్యాల్సిన ఇంజెక్షను కూడా వేషం లోపల, నడుముకు కట్టుకున్న సంచిలో ఎప్పుడూ ఉండేది. గడువు దాటగానే పారేసి కొత్తది కొనేవాడు.

వాళ్ళు చెప్పాపెట్టకుండా వచ్చారు, అదీ హోటలు కిటకిటలాడే వేళలో. ఎలుగుబంటి అప్పుడు ఒక పిల్లల గుంపు మధ్య ఇరుక్కుని ఉంది. పళ్ళ సందులోంచి కిటికీ పక్క టేబుల్ కనిపించింది. తల్లి, ఆ మంచివాడు, ఆయన ఒళ్ళో బుడ్డోడు, ఎదురుగా కూతురు. కూతురు జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. ఎప్పుడు కత్తిరించుకుందో అతనికి తెలీదు. ఆనందంతో ఒక్కక్షణం ఊపిరి తీసుకోవడం మర్చిపోయాడు. అంతలోనే అలవాటు కొద్దీ కళ్ళు టేబుల్ మీదికి పోయాయి. జెండా లేదు.

నీళ్ళ సీసా వెనకాల ఉందేమోనని పక్కకు జరిగి చూశాడు. అక్కడా లేదు. చెప్పడం మర్చిపోయారని అర్థమై ఒళ్ళు మండిపోయింది. ఆ మంచివాడికి తెలీదనుకుందాం, కన్నతల్లికేమైంది? ఆ లోపే వడ్డించే అమ్మాయి పెద్ద గాజు గిన్నె తెచ్చి కూతురి ముందు పెట్టింది. ఐస్‌క్రీం. దాని మీద దోసెడు వేయించిన వేరుశెనగ పలుకులు. అతను రోజూ చూసే సరుకే, ఎంత దూరం నుంచైనా గుర్తుపడతాడు.

బయల్దేరాడు. ఎలుగుబంటి పాదాలతో పరిగెత్తడం కుదిరే పని కాదు. ఒక పాప కాలికి చుట్టుకుంది. ఎవరో తాతగారు ఫొటో కోసమని భుజం మీద చెయ్యి వేసి ఆపారు. అందర్నీ విదిలించుకుని, కుర్చీలకు గుద్దుకుంటూ దగ్గరికి చేరేసరికి తల్లి మాట వినిపించింది.

"త్వరగా తిను. తిన్నాక ఆ వీల్ దగ్గరికెళ్ళి మీ నాన్నకి ఓసారి కనిపించి వచ్చేద్దాం. పాసులిచ్చారు కదా, వెళ్ళకపోతే బాగోదు."

ఆ మాటకు బాధపడే తీరిక అతనికి అప్పుడు లేదు. తర్వాత కావలసినంత దొరికింది. వెళ్ళి ఆ గాజు గిన్నె మీద రెండు చేతులూ బోర్లించాడు.

టేబులంతా నవ్వులే నవ్వులు. "నీ ఐస్‌క్రీం మీద పడింది దీని కన్ను" అంటూ మంచివాడు ఫోను తీశాడు. అతను తల అడ్డంగా ఊపాడు. వేలితో పలుకుల్ని చూపించాడు. గొంతు పట్టుకుని ఊపిరాడనట్టు గిలగిల్లాడి చూపించాడు. చుట్టుపక్కల వాళ్ళు లేచి నిలబడి మరీ నవ్వారు. బుడ్డోడు తోక పట్టుకుని లాగాడు. కూతురు కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా నవ్వుతూ, మళ్ళీ గిన్నె మీద బోర్లించిన ఎలుగుబంటి వేళ్ళ సందులోంచి చెంచా దూర్చి పలుకులతో సహా ఒక ముద్ద తీసింది.

"వద్దమ్మలూ. అందులో వేరుశెనగ ఉంది."

నవ్వులు ఆగిపోయాయి. ఎలుగుబంటి మాట్లాడిందని బుడ్డోడు ఏడుపు లంకించుకున్నాడు. కూతురు మాత్రం గాజు కళ్ళకేసి చూడలేదు. చెంచా అలాగే పట్టుకుని ఎలుగుబంటి నోట్లోకి తొంగి చూసింది.

"నాన్నా?"

"ముందు చెంచా కింద పెట్టు తల్లీ. మీ అమ్మ జెండా సంగతి మర్చిపోయినట్టుంది. ఎవరూ కంగారుపడకండి, ఇంజెక్షను నా దగ్గరుంది."

వడ్డించే అమ్మాయి పరుగున వచ్చి చెవిలో గుసగుసలాడింది. "అన్నా, ఏం చేస్తున్నావన్నా? వాళ్ళనడిగాను. పడనివేమీ లేవన్నారు. అందుకే జెండా పెట్టలేదు."

తల్లి చుట్టూ ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "అది తగ్గిపోయింది" అంది.

"ఏది?"

"ఆ అలర్జీ. రెండేళ్ళయింది. ఆసుపత్రిలో కూర్చోబెట్టి కొంచెం కొంచెంగా పెట్టి చూశారు, ఏమీ కాలేదు. ఎదుగుతుంటే కొంతమంది పిల్లలకు పోతుందట. పిల్లే మీకు చెప్పిందనుకున్నాను."

కూతురు తల వంచుకుంది. "చెప్దామనే వచ్చాను నాన్నా ఆ ఆదివారం. నువ్వు ఆ గిన్నెలు కడిగినవే కడుగుతున్నావు. చూస్తుంటే చెప్పబుద్ధి కాలేదు. ఆ తర్వాత ఎప్పుడు చెప్పాలో తెలీలేదు."

మంచం మీద కూర్చుని చూసిన ఆ చూపు అతనికి గుర్తొచ్చింది. దాన్ని చూసుకుని ఎన్ని ఆదివారాలు మురిసిపోయాడో. అది జాలి. అంత చిన్నపిల్ల, తండ్రి మనసు కష్టపడుతుందని నోరు నొక్కుకుని, ఆ అక్కర్లేని ఆత్రమంతా భరించి, సాయంత్రం ఇంటికి పోయి హాయిగా వేరుశెనగలు తింది. అతను గిన్నె మీదికి వంగిపోయాడు. మంచివాడు గమనించి గబుక్కున కుర్చీ లాగి, "కూర్చోండి సార్" అన్నాడు. ఎలుగుబంటి నడుము ఆ కుర్చీలో పట్టదు.

తండ్రి మొహం కనిపించక కూతురు తల్లడిల్లింది. ఎలాగైనా అతని మనసు తేలిక చెయ్యాలనుకుంది పాపం. "చూడు నాన్నా" అని, గిన్నె మీదున్న చేతుల్ని మెల్లగా ఎత్తి పక్కన పెట్టింది. చెంచా నోట్లో పెట్టుకుంది. పలుకులు పటపటమని నలిగాయి.

అతని కళ్ళు ఊరుకోలేదు. పెదవుల్ని చూశాయి, మెడను చూశాయి. చెయ్యి దానంతటదే నడుము దగ్గరున్న సంచి మీదికి పోయింది. పెదవులు మామూలుగానే ఉన్నాయి. కాస్త ఎర్రబడతాయేమోనని చూశాడు, లేదు. కొంచెమైనా ఉబ్బితే బాగుండునని రెప్పపాటు సేపు అతనికి అనిపించింది. అనిపించలేదని బుకాయించి లాభం లేదు, నిజంగానే అనిపించింది. ఊపిరి ఆగిపోయేంత కాదు, తన అవసరం పడేంత. ఆ వెంటనే తనమీద తనకే అసహ్యం పుట్టింది. ఇన్నేళ్ళూ తను కాపాడుకొచ్చింది పిల్లనో, పిల్ల పక్కన తన చోటునో అతనికే తెలియకుండా పోయింది.

కూతురు మూతి తుడుచుకుంది. "చూశావా, ఏమీ కాలేదు. ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇదే ఇష్టం" అంది. తర్వాత ఆ నల్లటి వలగుడ్డలోకి చూస్తూ, "నీకు సంతోషమేగా నాన్నా?" అని అడిగింది.

సంతోషమే తల్లీ అనడానికి ఎంతసేపు?  కూతురు ఎదురుచూస్తూనే ఉంది. తల్లి గడియారం చూసుకుంది. చుట్టూ పిల్లలు మళ్ళీ మూగుతున్నారు. ఎలుగుబంటి మాట్లాడకూడదన్న నియమం అతనికి అప్పుడు గుర్తొచ్చింది. దాన్ని అడ్డం పెట్టుకుని, కూతురికేసి ఒకసారి చెయ్యి ఊపి, పక్క టేబుల్ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ టేబుల్ మీద జెండా ఉంది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.