కనీసం అంటే అక్కడి నుంచి మొదలు

నిన్న పొద్దున సూర్యాపేట బస్టాండ్‌లో ఉన్నాను. తమ్ముడు ఫోన్ చేశాడు.
"అక్కా, సుగుణ టీచర్ పోయిందట."

ఏ సుగుణ టీచర్ అని అడిగాను.
మాకు తెలిసిన సుగుణ టీచర్ ఒక్కరే. అయినా అడిగాను.

స్కూల్‌కు లీవ్ చెప్పి మిర్యాలగూడ బస్సెక్కాను.
నిద్రలోనే పోయారట. ముందు రోజు సాయంత్రం కూడా ట్యూషన్ చెప్పారట.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. టీచర్‌ది కోదాడ వైపు. రిటైర్ అయ్యాక మిర్యాలగూడలో, మా గల్లీలోనే ఉన్నారు. ఇంటి వాకిట్లోనే లెక్కల ట్యూషన్ చెప్పేవారు. మా అమ్మానాన్నలది రైస్ మిల్లులో పని. మా ఇంట్లో మొదట బడికి పోయింది నేనే.

అందరి వాకిళ్లలో ముగ్గులుంటే టీచర్ వాకిట్లో ముగ్గుపిండితో గీసిన నంబర్ లైన్ ఉండేది. మధ్యలో సున్నా. కుడివైపు గేటు దగ్గర పది. పండగ రోజు కూడా అదే ముగ్గు!

అసమీకరణాలు మొదలుపెట్టిన రోజు ఇప్పటికీ గుర్తుంది.

"x + 2 > 5. x ఎంతే?"
"నాలుగు టీచర్!" అన్నాను గర్వంగా.
"మరి ఐదు ఏం పాపం చేసింది?"
"ఐదు గూడ, టీచర్."
"వంద?"

వంద కూడా సరిపోతోంది! అప్పటిదాకా నాకు తెలిసిన ప్రతి లెక్కకూ ఒకటే జవాబు.

టీచర్ మూడు దగ్గర ఖాళీ సున్నా చుట్టి, కుడివైపు బాణం గీశారు. "మూడు దాటిన వాళ్లందరూ లోపలికి రావచ్చు. మూడు మాత్రం గుమ్మం బయటే."

ఇంకోరోజు −2x < 6 ఇస్తే x < −3 అని రాశాను. తప్పు అనలేదు. "మైనస్ నాలుగు వేసి చూడు" అన్నారు.
వేశాను. 8 < 6 అని వచ్చింది. నాకే నవ్వొచ్చింది.

అప్పుడు నన్ను రెండు మీద, నాతో ట్యూషన్‌కు వచ్చే శ్రావణిని మూడు మీద నిలబెట్టారు. మూడు పెద్దది కాబట్టి శ్రావణి పెద్దది. "ఇప్పుడు ఇద్దరూ మైనస్‌లోకి పొండి" అన్నారు. ఉరికినం. నేను −2, అది −3. ఇప్పుడు నేనే పెద్ద!

"ఏం టీచర్, ఒక్క మైనస్ పెట్టి నన్ను చిన్నగ చేసిన్రు" అని శ్రావణి అలిగింది.
"అందుకే మైనస్‌తో భాగిస్తే గుర్తు తిప్పాలే, పిచ్చిదానా."

టెన్త్ పాసయ్యాక నాన్న స్వీట్లు పట్టుకుని టీచర్ దగ్గరికి వచ్చాడు.
"ఇగ సాలు టీచరమ్మా. వాళ్లమ్మతోటి మిల్లుకు పోతది."

నేను టీచర్ వైపు చూశాను.

టీచర్ స్వీట్ తీసుకోలేదు. "యాదయ్యా, పోయి ఆ పది మీద నిలబడు" అన్నారు.
నాన్న చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"పిల్లని ట్యూషన్‌లో చేర్చిన రోజు ఏమన్నావు?"
"కనీసం పది అన్న సదవాలె అన్న."

టీచర్ వంగి, నాన్న కాళ్ల చుట్టూ సున్నా చుట్టి పిండితో నింపేశారు. అక్కడి నుంచి కుడివైపు బాణం లాగారు.
"కనీసం పది అంటే ఇది. పది కూడా లోపలే, పది నుంచి మొదలు. నువ్వేమో ఇక్కడ ఆపేస్తున్నావు."

"గీత గేటు దాటిపోయింది గద టీచరమ్మా!"
"పోనీయ్."

నాన్న బాణాన్నీ నన్నూ చూసి తల గోక్కున్నాడు. "సరే, ఇంటర్ అయినంక సూద్దాం" అన్నాడు.
అప్పుడు టీచర్ స్వీట్ నోట్లో వేసుకున్నారు.

ఇంటర్ అయ్యాక డిగ్రీ దాకా సూద్దాం అన్నాడు. డిగ్రీ అయ్యాక బీఈడీ దాకా. ఇప్పుడు నేను లెక్కల టీచర్‌ని.

నిన్న అంతా అయిపోయాక చూస్తే, వచ్చినవాళ్ల కాళ్ల కింద నంబర్ లైన్ చెరిగిపోయి ఉంది.
నాన్న గోడ మీది ముగ్గుడబ్బా తీసుకున్నాడు. చదువు రాదు, అంకెలు వస్తాయి. పది దగ్గర కూర్చుని, సున్నా చుట్టి, పిండితో నింపాడు. బాణం గేటు దాటేదాకా గీశాడు.

"గిట్లనే గద బిడ్డా?" అన్నాడు.
గిట్లనే నాన్నా.

టీచర్, ఇక హాయిగా విశ్రాంతి తీసుకోండి. సోమవారం మా పిల్లలకు ఇదే పాఠం. ముగ్గుపిండి కొనిపెట్టాను.