మామకు నేను కలిపిన మందు

మా మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉన్న ఆ రోజుల్లో, తెల్లకోటు తొడుక్కున్న ప్రతివాడికీ వైద్యం వచ్చని జనం నమ్మేవారు. నేనూ నమ్మాను, తొడుక్కున్నవాణ్ణి నేనే కాబట్టి. ఆసుపత్రిలో కొత్త కాంపౌండరుని. అసలే చక్కెర జబ్బున్న మా మేనమామ నెత్తిన దొంగతిండి నింద కూడా పెట్టిన ఘనత నాదేనని ముందే ఒప్పుకుంటున్నాను.

మామ పలకల గనిలో రాయి చీల్చేవాడు. నలభై దాటాక మనుషులు లావెక్కుతారు, లేదా వంగుతారు. మామ ఎదిగాడు. పొడుగు కాదు, చేతులు, పాదాలు, దవడ. (పెళ్లి ఉంగరాన్ని ఆకురాయితో అరగదీసి తియ్యాల్సివచ్చింది.) చెప్పులు కుట్టే తాత ఏటా కొత్త కొలత తీసుకుంటూ, "ఏంది నాయనా, నీ కాలింకా బడికి పోయే వయసులోనే ఉండాదే" అనేవాడు. అదంతా గనిపని ఇచ్చిన బలమని మేం గర్వపడ్డాం. ఎదుగూ బొదుగూ లేనిది మా బుద్ధులకే.

మామ కడవలకొద్దీ నీళ్లు తాగుతూ నీరసపడిపోతుంటే డాక్టరుగారికి చూపించాను. ఆయన మామ అరచేతిని తిప్పి చూసి, తలలో ఎదుగుదలను నడిపే చిన్న గ్రంథి ఒకటి ఆగవలసిన వయసులో ఆగలేదనీ, చేతుల్ని పెంచినట్టే రక్తంలో చక్కెరనూ అదే పెంచుతోందనీ చెప్పారు. బెల్లం, వరన్నం బంద్. కొర్రన్నం, రోజూ ఇన్సులిన్ సూది, ఆకలికి మూడుపూటలా చేదు మిక్స్చరు. వారానికోసారి మూత్రపరీక్ష: నీలం మందునీళ్లలో చుక్కలు వేసి కాస్తే నీలంగానే ఉంటే సరే, ఆకుపచ్చైతే కొద్దిగా ఉన్నట్టు, ఇటుకరంగుకు తిరిగితే చక్కెర ఎక్కువున్నట్టు.

మూడు వారాలూ ఇటుకే. గోడ కట్టేటంత ఇటుక చూశాం. మామ చాటుగా తింటున్నాడని డాక్టరుగారు తేల్చేశారు. ఇంకో వారం ఇట్లాగే ఉంటే చెన్నపట్నం పెద్దాసుపత్రికి రైలెక్కిస్తానన్నారు. (అక్కడికి పోయినవాళ్లు తిరిగిరారని మా పేటలో గట్టి నమ్మకం.) అత్త ఏడ్చింది. బెల్లం పెట్టెకు తాళం వేసి, చెవి మెడలో కట్టుకుని, అదీ చాలక బైబిలు తెచ్చి ప్రమాణం చెయ్యమంది. మామ చెయ్యి పెడితే బైబిలు కనబడలేదు.

"బెల్లం ముట్టలేదే. ఈ మధ్య నా నోటికి తియ్యగా తగిలింది అల్లుడిచ్చే మందొకటే" అన్నాడు.

ఆ అల్లుణ్ణి నేనే. పిల్లలు ఉమ్మకుండా మిక్స్చరులో చెంచాడు చక్కెర పాకం కలపడం మా ఆసుపత్రి వాడుక. సొంత మామ కదా అని నేను సగం సీసా పోశాను. మూడుపూటలా, ప్రేమగా.

ఉద్యోగం పోతుందని తెలిసీ డాక్టరుగారికి చెప్పేశాను. ఆయన పాకం సీసాను తన బల్లమీదికి జరుపుకున్నారు. "నిన్ను తీసేస్తే ఇంకో ఊళ్లో మందు కలుపుతావు. ఇక్కడే ఉండు, నా కళ్లముందు" అన్నారు. మరుసటి వారం ఇటుక ఆకుపచ్చకు తిరిగింది. రైలు తప్పింది.

మామ మాత్రం నన్ను వదల్లేదు. ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక ఏసు గుడి బయట, "మావోడు కాంపౌండరు కాదప్పా, మిఠాయి కొట్టోడు" అని కథ మొదలుపెట్టేవాడు. చివరికి నా పెళ్లిచూపుల్లోనూ చెప్పాడు. పిల్ల కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ వారమే డాక్టరుగారు, మామకు ఆకలి బాగుంది, చేదుమందు ఇంకో వారం చాలన్నారు. మామకు నేను నలభై రోజులని చెప్పాను. హానిలేని మందే. మూడుపూటలా ఎదురుగా కూర్చుని, ఆ పెద్ద ముఖం చిన్నపిల్లాడి ముఖంలా ముడుచుకుపోవడం కళ్లారా చూశాను. ఇప్పుడు తలుచుకుంటే, పాపం, ముప్ఫై రోజులకే ఆపి ఉండాల్సింది అనిపిస్తుంది.