పల్లి చేనులో మొలవని ఆవాలు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఆవాలు పోపుకే కాదు, భయానికి కూడా పనికొచ్చేవి. ఏన్కూరు పక్కనున్న మా పల్లెలో ఎవరి గుమ్మం ముందైనా నాలుగు ఆవగింజలు కనబడితే చాలు, ఎవరో మంత్రించి చల్లారని ఆ ఇంట్లో గోల మొదలయ్యేది. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, అప్పుడు నేనూ వాటిని దాటలేక అమ్మ కొంగు పట్టుకునేదాన్ని.

ఆ ఏడు వానలు ముసురు పట్టి కురిశాయి. కాయ పట్టే ఊడలు మన్నులోకి దిగుతున్న పల్లి చేనులో మొక్కలు ఉన్నట్టుండి వాడిపోసాగాయి. మా నాయన ఒక మొక్కను లాగితే మొదలు దగ్గర పుటుక్కున తెగి చేతికొచ్చింది. అక్కడ దూదిపోగుల్లాంటి తెల్లటి దారాలు, వాటి మధ్య గోధుమరంగులో గుండ్రటి గింజలు. అచ్చం ఆవాలే! మేమైతే చల్లలేదు. మరి ఎవరు చల్లినట్టు?

మా నాయన చూపు గట్టు అవతలికి పోయింది. అది పక్కింటి పెద్దమ్మ చేను. మొగుడు పోయాక ఒంటరిగా సేద్యం చేసుకుంటున్న మనిషి. రెండిళ్లకూ ఉమ్మడి బావి ఉండేది, నీళ్ల వంతు దగ్గర అంతకుముందే పెద్ద గొడవైంది. ఇంకేముంది, మధ్యాహ్నానికల్లా మా వాకిట్లో జనం చేరారు. మర్నాడు పెద్దమనుషుల ముందు పంచాయితీ పెడదామన్నారు. చేతబడి చేస్తుందన్న పేరు ఒకసారి పడితే ఆ మనిషికి ఊళ్ళో బతుకుండదు. బావి దగ్గరికి రానివ్వరు, ఎవరూ పలకరించరు. ఓపిగ్గా నా తల దువ్వి జడలేసే పెద్దమ్మకు ఆ గతి పడుతుందంటే నాకు ఏడుపు ఆగలేదు.

మా నాయనమ్మ ఆ గింజలను అరచేతిలో వేసుకుని చూసింది. లేచి వాకిట్లోనే పొయ్యి రాజేసి, మూకుడు పెట్టి నూనె పోసింది. ముందు మా వంటింటి ఆవాలు వేస్తే చిటపటలాడి ఎగిరాయి, ముందున్నవాళ్ళు గబుక్కున వెనక్కి జరిగారు. తర్వాత మా నాయన రుమాల్లో కట్టుకొచ్చిన గింజలు వేసింది. ఒక్కటీ పేలలేదు. మిగిలినవి సన్నికల్లు మీద నలిపి అందరికీ వాసన చూపించింది. ఆవాల ఘాటు లేదు, పచ్చటి పప్పు లేదు. లోపల తెల్లగా ఉండి పుట్టగొడుగు వాసన వేసింది.

"పెండ్లయిన కాడి నుంచి ఆవకాయ పెడుతున్న, నాకు ఆవాలు తెల్వవా? ఇది మన్నుల పుట్టిన బూజు" అంది.

మంత్రించినవి గనకే పేలలేదేమోనని ఎవరో గొణిగారు. నాయనమ్మకు చిర్రెత్తుకొచ్చింది. "అయితే పాండ్రి, ఆమె చేను జూద్దాం. ఆమె చేనుకు ఆమెనే చల్లుకుంటదా ఏంది?"

అందరం గట్టు దాటాం. అక్కడా చోట్లు చోట్లుగా చేను వాడిపోయి ఉంది. పెద్దమ్మ పీకిన మొక్కల మధ్య కూర్చుని ఉంది. ఆమె ఒళ్ళో అవే గింజలు. మమ్మల్ని చూడగానే లేచి నిలబడింది. "మళ్ళెందుకొచ్చిన్రు? మీరు చల్లిన ఆవాలు సరిపోలేదా?" అంటూ బావురుమంది. మా నాయన తల ఎత్తలేకపోయాడు. నాయనమ్మ మాత్రం ఆమెను దగ్గరికి తీసుకుని పకపకా నవ్వింది. కాసేపటికి పెద్దమ్మ కూడా ఏడుస్తూనే నవ్వడం మొదలుపెట్టింది. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

పెద్దయ్యాక చదువుకుంటే తెలిసింది, నాయనమ్మ అన్న బూజే అది. ఆ తెల్లటి దారాలు ఒక ఆమ్లాన్ని ఊరించి మొక్క మొదలును కుళ్ళబెడతాయట. మన చుక్కకూరలో పులుపు కూడా ఆ ఆమ్లానిదే. తినడానికి ఏమీ మిగలనప్పుడు ఆ దారాలే ముద్దగట్టి, తిండి లోపల దాచుకుని, పైన గట్టి పెంకు కట్టుకుంటాయి. మేం ఆవాలనుకున్నవి అవే. ఎండకు, కరువుకు ఓర్చుకుని ఏళ్ళ తరబడి మన్నులో నిద్రపోతాయి, తడి తగిలి అనువు కుదిరితే మళ్ళీ దారాలు పోస్తాయి.

రెండిళ్ల వాళ్ళమూ కలిసి చచ్చిన మొక్కలన్నీ ఏరి కాల్చేశాం. ఎండాకాలంలో లోతుగా దున్ని, మరుసటేడు రెండు చేలలోనూ జొన్న వేశాం. మా నాయన ముందుగా పెద్దమ్మ చేను దున్ని, ఆ తర్వాతే మా చేనులో నాగలి దింపాడు.

ఇప్పటికీ ఎవరి మీదైనా నాకు అనుమానం ముదురుతుంటే, అవతలి మనిషి కూడా నన్నే అనుమానించి ఏడుస్తూ కూర్చుందేమో అనిపిస్తుంది. చెప్పులేసుకుని వాళ్ళింటికి పోతాను. అట్లా పోయిన ఏ ఇంటి నుంచీ నేనింతవరకు పోట్లాడి తిరిగి రాలేదు.