లేని తొర్ర

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నన్ను చూసినవాళ్లెవరూ ఈ మనిషి ఏదో మోస్తున్నాడని అనుకోరు. బాగా తింటాను, బాగా నిద్రపోతాను, నవ్వించేవాడు దొరికితే పని పక్కన పెట్టి మరీ నవ్వుతాను. కానీ ఎవరైనా నన్ను మెచ్చుకుంటే మాత్రం ఒంటి మీద ఉన్న చొక్కా ఇంకొకరిదని గుర్తొచ్చినట్టు ఉంటుంది. ముఖ్యంగా చెట్ల విషయంలో మెచ్చుకుంటే.

నా పేరు చెప్పను. ఊరి పేరూ వద్దు. రామకుప్పం దగ్గర, అడవి అంచున ఉంటుంది, అంతవరకు చాలు. కుప్పంలో నాకు మోటార్లకు వైండింగ్ చేసే చిన్న షాపుంది. కాలిపోయిన మోటారు తెచ్చినవాళ్లు, గుడుపల్లె నుంచీ బైరెడ్డిపల్లె నుంచీ కూడా, మోటారు సంగతి అయ్యాక స్టూలు దగ్గరికి లాక్కుని ఇంకో మాట అడుగుతారు. మా చేని గట్టున రెండు చెట్లున్నాయి, మంచె దేని మీద కట్టమంటావు అని. నేను చెబుతాను. వాళ్లు వింటారు. ఈ పెద్దరికం నాకెలా వచ్చిందో ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

మంచె అంటే చెట్టు మీద వెదురు బొంగులు పరిచి తాళ్లతో కట్టిన కాపలా పడక. చీకటి పడ్డాక ఏనుగులూ పందులూ జింకలూ రాగి చేలో దిగకుండా, తెల్లారాక చిలకలు మొక్కజొన్న మీద వాలకుండా దాని మీద కూర్చుని అరవాలి, డబ్బా వాయించాలి. మా ఊళ్లో మంచెకు చెట్టు చూసిపెట్టే మనిషి గంగులప్ప తాత. నాకు చుట్టం కాదు, ఊరంతటికీ తాతే. పాతకాలంలో దొరలు దుప్పుల వేటకు వచ్చినప్పుడు వాళ్ల నాయనే మంచెలు కట్టేవాడట. ఇప్పుడు వేటా లేదు, తుపాకులూ లేవు, దుప్పి మీద చెయ్యి వేస్తే జైలే. తండ్రి దగ్గర నేర్చుకున్న పని మాత్రం తాత చేతిలో మిగిలింది, అది పంట కాపలాకు పనికొచ్చింది.

తాత అరచెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని చెట్టు చుట్టూ ఒక్కసారి తిరిగేవాడు. అంతే. ఏ కొమ్మ పెళుసో, ఏ కొమ్మకు చీమలబారు ఉందో, ఎంత ఎత్తులో కడితే ఏనుగు తొండం అందదో కింద నిలబడే చెప్పేవాడు. నేరేడు చెట్టు పండ్లు తినడానికే గానీ కూర్చోవడానికి కాదనేవాడు. కొమ్మలు కలిసే పంగలో తొర్ర కనిపిస్తే మారుమాట లేకుండా వెనక్కి తిరిగేవాడు, అందులో పామైనా ఉంటుంది, కుళ్లైనా ఉంటుంది కనుక. సుఖం దగ్గర కూడా ఆయన అంతే పట్టుదల మనిషి. నడుము నొప్పెట్టినవాడు ఊరికే కదులుతాడని, కదిలినవాడే జారిపడతాడని ఆయన అనుభవం. అందుకే మంచె కట్టే ముందు ఒకడిని చెట్టెక్కించి, మధ్యాహ్నం అన్నం తిన్నప్పటి నుంచి పశువులు ఇంటికి మళ్లే దాకా ఉత్త కొమ్మల మీదే కూర్చోబెట్టేవాడు. వాడి వీపు సరేనంటేనే చెట్టు ఖాయం.

ఆ ఏడు అలా కూర్చున్నవాడిని నేను. ఇరవై మూడేళ్లు. ఐటీఐ అయిపోయింది, ఉద్యోగం రాలేదు, ఒంటి మీద కండ లేదు. చెట్టెక్కడానికి ఇంతకన్నా అర్హత ఏం కావాలి? పక్కపక్క చేలున్న ఆరు ఇళ్లవాళ్లం కలిసి ఒకే మంచె కట్టుకోవాలని అనుకున్నాం. చూడాల్సినవి రెండు చెట్లు. వంక గట్టున చింతచెట్టు, చేల దిగువన కానుగ.

మొదటి రోజు కానుగ మీద కూర్చున్నాను. దాన్ని చెట్టు అనడం మర్యాదకే. గాలి వీస్తే ఊగుతుంది, ఆనుకోవడానికి కొమ్మ లేదు, చీమలు కాళ్ల మీద మొదలుపెట్టి పైకి పైకి వచ్చేవి. దిగిపోదామనుకున్నాను. అప్పుడు వంక అవతల బంతితోటలోంచి ఒక గొంతు వినిపించింది.

భారతి. చిన్నప్పటి నుంచీ ఎరిగిన పిల్లే. మదనపల్లెలో బీఎడ్ చదువుతూ సెలవులకు వచ్చింది. తోటలో ఒక్కతే ఉంది, చేతిలో పూలబుట్ట ఉంది, ఎదురుగా బంతిమొక్కలు వరసల్లో ఉన్నాయి. వాటికి పాఠం చెబుతోంది. కిరణజన్య సంయోగక్రియ. ఆకు తెంపి చూపించింది, ప్రశ్న అడిగింది, జవాబు కోసం ఆగింది, వెనక వరసలో ఎవరో మాట్లాడుతున్నారని కళ్లెర్రజేసింది, చివర్లో అర్థమైందా అని అందరినీ కలిపి అడిగింది. పరీక్ష పాఠానికి సాధన చేస్తోందని తర్వాత తెలిసింది. నాకు మాత్రం ఆ క్షణం చెట్టు మీద నుంచి చెయ్యెత్తి, అర్థమైంది టీచర్ అనాలనిపించింది. పశువులు మళ్లే దాకా కదలలేదు. దిగాక గానీ తెలియలేదు, నడుము పట్టేసిందని.

మర్నాడు చింతచెట్టు ఎక్కాను. ఏం చెప్పను? మేనమామ ఒళ్లో కూర్చున్నట్టుంది. మూడు పెద్ద కొమ్మలు ఒకచోట కలిసి వెడల్పాటి పీటలా ఉన్నాయి. వీపుకు ఆనిక ఉంది, కాళ్లకు ఆసరా ఉంది, చీమలు లేవు. పంగ అంతా చేత్తో తడిమాను. తొర్ర లేదు, పగులైనా లేదు. తాత కింద నుంచే అన్నాడు, అది మంచె కోసమే పెరిగిన చెట్టని. నిజమే. ఒక్కటే లోపం. వంక గట్టున వెదురుపొద అడ్డం ఉండటంతో బంతితోట కనిపించదు. గడ్డివాము కొస ఒకటి కనిపిస్తుంది. గడ్డివాముతో నాకేం పని?

సాయంత్రం ఆరు ఇళ్ల మనుషులూ వచ్చారు. తాత ముందుకొచ్చి తల పైకెత్తాడు.

"ఎట్లుండాదప్పా? వీపు ఒప్పుకుందా?"

నోరు తెరిచినప్పుడు నిజమే చెబుతాననుకున్నాను. ఒట్టు.

"పంగలో తొర్ర ఉండాది తాతా" అన్నాను. "సెయ్యి మణికట్టు దాకా పోతాండాది."

"యాడ? మూడు కొమ్మలు కలిసే కాడేనా?"

"ఆడే."

తాత అరచెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు. కొంచెం పక్కకు జరిగి మళ్లీ చూశాడు. ఆయన చెయ్యి దించేశాడు.

"నాకు కనపడలేదే" అన్నాడు. "నా కండ్లు పొయ్యినట్టుండాయిలే. ఇంక సూసే పని నీదేనప్పా."

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. ఎంతసేపు పడుతుంది? ఆయన వెనక్కి తిరిగి నాలుగడుగులు వేసే దాకా నాకు సమయం ఉంది. ఆ నాలుగు అడుగులూ నేను లెక్కపెట్టాను కూడా.

మంచె కానుగ మీద కట్టారు. ఎక్కిన ప్రతివాడూ తిట్టుకుంటూ దిగేవాడు. సుబ్బన్న అని మా పక్క చేనాయన ఉన్నాడు, చీమలు ఆయన్ని ఏరికోరి కుట్టేవి. పొద్దుటి వంతు ఎవరైనా తీసుకుంటే బాగుండని ఆయన అనగానే నేను తీసుకున్నాను. తర్వాత ఇంకో ఇంటివాళ్లదీ తీసుకున్నాను. నెల తిరిగేసరికి ఆరు ఇళ్ల పొద్దుటి కాపలా నాదే. కుర్రాడంటే ఇలా ఉండాలని ఊళ్లో చెప్పుకున్నారు. మా అమ్మ దిష్టి తీసింది.

చిలకలు ఉన్నప్పుడు అరిచేవాణ్ని. లేనప్పుడు ఇంకా గట్టిగా అరిచేవాణ్ని. వారం రోజులు చూసి భారతి వంక దాటి వచ్చింది, చెట్టు కింద నిలబడి, ఆకాశంలో ఒక్క పిట్ట కూడా లేదు, ఎవర్ని తోలుతున్నావని అడిగింది. నేను చెప్పిన జవాబు ఇక్కడ రాయను, అది మా ఇద్దరిదీ. ఏడాది తిరక్కుండా పెళ్లయింది. ఇప్పుడు తను కుప్పంలో బడిపంతులమ్మ, మాకిద్దరు ఆడపిల్లలు. ఇంట్లో ఎవరు అల్లరి చేసినా వెనక వరస అంటూ గొంతు వినిపిస్తుంది. నాకు ఇప్పటికీ కడుపు నిండా సంతోషం.

మరి ఇందులో తప్పెక్కడ? ఎవరూ పడలేదు, పంటా పోలేదు. చాలా కాలం నాకు నేను ఈ మాటే చెప్పుకున్నాను, పైగా చెప్పుకున్నప్పుడల్లా కొంచెం గొంతు పెంచి. కానీ గంగులప్ప తాత ఆ రోజుతో చెట్లు చూడటం మానేశాడు. ఎవరైనా పిలిస్తే నా పేరు చెప్పి పంపేవాడు. తర్వాత దూడ ఎటు పోయిందో చూసి చెప్పమని పక్కవాళ్లను అడగడం మొదలుపెట్టాడు. తర్వాత ఒంటరిగా చేని దాకా నడవడం మానేశాడు. కూతురు భయపడి పుంగనూరులో కంటి శిబిరానికి తీసుకుపోతే, ఈ వయసుకు ఈ చూపు ఉండటమే గొప్ప, దగ్గరి అక్షరాలకు అద్దాలు చాలని డాక్టరు చెప్పాడట. తాత డాక్టరు మాట నమ్మలేదు. నా మాట నమ్మాడు.

నేనేం చేశాను? ఆయన అప్పగించిన పని శ్రద్ధగా చేశాను. తప్పు చేసినవాడి శ్రద్ధ ఎలా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది. ప్రతి పంగలో చెయ్యి పెట్టి చూస్తాను, ప్రతి కొమ్మ మీదా పూట గడుపుతాను. నేను చూసిపెట్టిన మంచె మీద ఇంతవరకు ఎవరికీ గీత పడలేదు. అలా అబద్ధంతో వచ్చిన పేరును నిజం చేసుకోవాలని చూశాను. అయిందా? పేరు నిజమైంది. అబద్ధం అలాగే ఉంది.

ఈ ఏడు వానలకు కానుగ సగానికి చీలిపోయింది. సుబ్బన్న దానికి టెంకాయ కొట్టి సాగనంపుతానన్నాడు. ఏనుగులు ఇప్పుడు వంక వెంబడి వస్తున్నాయి కనుక కొత్త మంచె గట్టు మీదే కట్టాలి. అక్కడున్నవి రెండే చెట్లు. ఒకటి నేరేడు. రెండోది అందరికీ తొర్ర ఉందని తెలిసిన చింత. నేరేడు మీదే కడదామని ఆరు ఇళ్లవాళ్లూ అనుకుని నాకు కబురు పెట్టారు. నేరేడు కొమ్మ విరిగితే పడేది మనిషి. ఇక ఆ తొర్రను నేను అలా వదిలేయడానికి లేదు.

పోయిన ఆదివారం పొద్దున వెళ్లాను. తాతను కూడా సుబ్బన్న మోపెడ్ వెనక కూర్చోబెట్టుకుని తెచ్చాడు. చింతను ఇంకోసారి చూస్తానని చెప్పి ఎక్కాను. పంగ పదకొండేళ్ల కిందట ఉన్నట్టే ఉంది. తొర్ర పూడిపోయిందంటే సరిపోతుంది కదా అని అప్పుడు తట్టింది. చెట్టుకు గాయం మానుతుంది, ఎవరికీ అనుమానం రాదు. ఎంత చక్కటి దారి. ఆ దారిలోనే దిగిపోదామని కిందికి చూశాను. అందరూ నన్నే చూస్తున్నారు. తాత మాత్రం నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. చెట్టు కింద నిలబడి తల ఎత్తని గంగులప్ప తాతను నేనెప్పుడూ చూడలేదు. అది నా పనే.

"తాతా, తొర్ర లేదు" అన్నాను.

"పూడిపోయుంటాదిలే" అన్నాడు, తల ఎత్తకుండానే. నా దారి ఆయనే నాకు ఇచ్చాడు.

"లేదు తాతా. ఆ పొద్దు కూడా లేదు. నేను అబద్ధం సెప్పినా."

తాత అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. అరచెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని పైకి చూశాడు. నన్ను కాదు, చెట్టును.

"అట్లయితే నా కండ్లు బాగానే ఉండాయి" అన్నాడు.

ఆ తర్వాత జరిగింది తలచుకుంటే ఇప్పటికీ నవ్వూ వస్తుంది, కళ్లలో నీళ్లూ వస్తాయి. పై కొమ్మన కాకిగూడు ఉందని, అందులో ఒక ఇనపతీగ ముక్క ఉందని చెప్పాడు. ఎక్కి చూస్తే ఉంది. రోడ్డు మీద పోయే బస్సు బోర్డు చదివాడు. వంక అవతల మేస్తున్న గొర్రెల్లో ఏది కుంటుతోందో చూపించాడు. చెట్టు చుట్టూ ఒక్కసారి తిరిగి, తాళ్లు ఎక్కడ బిగించాలో కింద నుంచే కేకలేశాడు. పదకొండేళ్లు కుట్టిన చీమలన్నింటినీ పేరుపేరునా తలచుకుని సుబ్బన్న నన్ను తిట్టాడు, మిగిలినవాళ్లు పడీపడీ నవ్వారు. మధ్యాహ్నానికి తాత మోపెడ్ వద్దన్నాడు. ఒక్కడే చేల గట్ల మీద నడుచుకుంటూ ఇంటికి పోయాడు.

నాతో మాట్లాడలేదు. క్షమించాననలేదు, తిట్టనూ లేదు. మాట్లాడతాడో లేదో తెలియదు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఇరవై మూడేళ్ల నన్ను తీసుకుపోయి మళ్లీ ఆ చింతచెట్టు మీద కూర్చోబెడితే నిజమే చెబుతానని మీకు మాటివ్వలేను. పక్క గదిలో భారతి పిల్లలకు లెక్కలు చెబుతోంది, ఆ గొంతు వింటూ మాటివ్వడం నావల్ల కాదు.

అబద్ధం చెప్పానని అందరి ముందూ అన్నాను. ఎందుకు చెప్పావని తాత అడగలేదు. చూపు తిరిగొచ్చిన మనిషికి చూడాల్సినవి చాలా ఉన్నాయి, నా సంగతి ఎందుకు? ఆయన అడగకపోయినా ఎవరికో ఒకరికి చెప్పాలి కదా. చింత మీది నుంచి బంతితోట కనపడదు కనుక తొర్ర ఉందన్నాను. అందుకే చెప్పాను.