సగం ట్యాంకు కలెర్వో

ట్యాంకులో పెట్రోలు సగానికి దిగితే కలెర్వోకి కాళ్ళూ చేతులూ ఆడవు. ఖాళీ అయితే ఎవరైనా కంగారుపడతారు, అందులో వింతేమీ లేదు. కలెర్వో వ్యవహారాన్ని అక్కడిదాకా రానివ్వడు. అతని మోటారుసైకిలుకి అటొకటి ఇటొకటి ఎర్ర క్యాన్లు, వెనక సీటు మీద పెద్ద ఆకుపచ్చ క్యాను, హ్యాండిలు కింద రెండు సీసాలు, అన్నిటి నిండా పెట్రోలే. వీటి మధ్య ఆ బండి అసలు రంగేమిటో లాప్‌లాండ్‌లోని సోదన్‌క్యులా ఊళ్ళో సగం మందికి తెలియదు. ఇంటికి కూతవేటు దూరంలో ఉన్న కొట్టుకి పాలకోసం వెళ్ళినా ఈ సరంజామా అంతా వెంట ఉండాల్సిందే. కొట్టు పక్కనే పెట్రోలు పంపు ఉంది కదయ్యా అని ఎవరైనా గుర్తుచేస్తే, "ఇవాళ ఉంది," అంటాడు.

ఆ పంపు దగ్గర అతన్ని చూడాలి. ముందు క్యాన్లన్నీ నింపుకుంటాడు. తర్వాత బండిని పక్కకి నెట్టుకెళ్ళి, క్యానులోంచి గరాటు పెట్టి ట్యాంకులోకి పోసుకుంటాడు. మళ్ళీ వెనక్కి వచ్చి, ఖాళీ చేసిన క్యాను నింపుకుంటాడు. పంపు గొట్టం నేరుగా ట్యాంకులోనే పెట్టొచ్చు కదా అని అడిగినవాళ్ళున్నారు. అలా పోస్తే పెట్రోలు బెదిరిపోయి నురగ కడుతుందని కలెర్వో సిద్ధాంతం. వృత్తిరీత్యా ప్లంబరు కాబట్టి గొట్టాల విషయంలో అతనితో వాదించడానికి ఎవరూ ముందుకు రారు.

ఊళ్ళో ఎంత పిచ్చిగా ఉన్నా నవ్వి ఊరుకోవచ్చు. దారిలో అతనితో పాటు వెళ్ళేవాళ్ళకే తెలుస్తుంది అసలు బాధ. గంటకోసారి చెయ్యి పైకెత్తి, బండి పక్కకి తీసి ఆపేస్తాడు. ఇంజను చల్లారాలంటాడు. అది చల్లారేలోపు నేలమీద గోనెపట్టా పరుస్తాడు, గరాటు తుడుస్తాడు, దానికి పల్చని గుడ్డ కడతాడు, క్యాను మూత తీసి వాసన చూసి తల ఊపుతాడు. పసిపిల్లకి ఉగ్గు పట్టినట్టు బొట్టు బొట్టుగా పోస్తాడు. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే ఆ ఖాళీలో చెమ్మ చేరి తుప్పు పడుతుందని మధ్యమధ్య ఉపన్యాసం. వినేవాళ్ళు వినే స్థితిలో ఉండరు. జూలైలో లాప్‌లాండ్ దోమలు ఆగిన మనిషిని వదిలిపెట్టవు, వాళ్ళు మొహాలు వాయించుకుంటూ ఉంటారు.

వదిలేసి ముందుకి పోదామంటే ఊరి మోటారుసైకిళ్ళ క్లబ్బు నియమాలు ఒప్పుకోవు. క్లబ్బు పెట్టిన తౌనో అనే పెద్దాయన కుర్రతనంలో షెడ్డు గోడ మీద తారుతో రెండే రెండు నియమాలు రాశాడు. ఒకరాగితే అందరూ ఆగాలి, ఇది ఒకటి. పంపు నుంచి పంపు దాకా కాలు నేల మీద పెట్టకూడదు, ఆగితే పెట్రోలు కోసమే ఆగాలి, అలా నడపలేనివాడు బండి అమ్ముకుని ఇంట్లో కూర్చోవాలి, ఇది రెండోది. కాఫీ కోసం ఆగుదామన్న మనుషులు ఆ క్లబ్బులో ఎక్కువకాలం నిలవలేదు. తౌనోకి ఇప్పుడు డెబ్భై ఆరేళ్ళు. గోడ మీద తారు మాత్రం నిన్న రాసినట్టుంది, ఏటా ఆయనే మళ్ళీ పూస్తాడు.

కలెర్వో ఆగినప్పుడల్లా అందరికన్నా ఎక్కువ తిట్టేది కూడా ఆయనే. "నీ ట్యాంకు సంగతి సరే, ముందు నీ తలకాయ నింపుకోరా," అని మొదలుపెట్టి, తను దేశం అటు చివరున్న హెల్సింకీకి ఒక్క బిగిన ఎలా వెళ్ళాడో చెబుతూ, ఆ కోపంలోనే బండి దిగి చెట్లలోకి నడిచిపోతాడు. కలెర్వో తల వంచుకుని గరాటు తుడుచుకుంటూ ఉంటాడు.

ఈ బృందాన్ని నడిపించే బాధ్యత సిర్కాది. ఆమె స్కూలు బస్సు డ్రైవరు. ఆమె బస్సు వచ్చిందంటే వీధిలో వాళ్ళు గడియారాలు సరిచేసుకుంటారు. అలాంటి మనిషి ఏటా జూలైలో ఒక్కరోజు పరువు పోగొట్టుకుంటుంది. ఆ రోజు ఉత్తరాది క్లబ్బులన్నీ నార్వేలో బారెంట్స్ సముద్రం ఒడ్డున ఒక జాలరి పల్లెలో కలుస్తాయి. ముందు చేరిన క్లబ్బుకి వేడివేడి సౌనా, అంటే ఆవిరిస్నానం, దక్కుతుంది. దానితో పాటు గరిటె కూడా. పడవలో సగం పొడుగున్న చెక్క గరిటె అది. గెలిచిన క్లబ్బు నాయకుడు దానితో సాల్మన్ చేపల సూపు వడ్డిస్తుంటే, మిగిలినవాళ్ళు గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడాలి.

నాలుగేళ్ళుగా ఆ గరిటె కెమి ఊరి యోర్మా చేతిలోనే ఉంది. యోర్మా వడ్డించడానికన్నా మాట్లాడటానికే ఎక్కువసేపు తీసుకునే రకం. సోదన్‌క్యులా వాళ్ళు నడిచి వచ్చారా, ఈదుకుంటూ వచ్చారా అని అడుగుతాడు. బంగాళాదుంపలు అయిపోయాయని విచారం ప్రకటించి, అడుగున మిగిలిన నీళ్ళు పోస్తాడు. పోయినేడు సిర్కా గిన్నెలో ఒక చేప తోక వేసి, మిగతా చేప కలెర్వో పెట్రోలు పోసుకున్నాక వస్తుందిలే అన్నాడు. వరసలో అందరూ నవ్వారు. సిర్కా ఆ తోకని తినలేదు, పారేయనూ లేదు, దాన్నే చూస్తూ కూర్చుంది.

ఆ చలికాలం ఆమెకొక ఉపాయం తోచింది. కలెర్వో అరవయ్యో పుట్టినరోజుకి క్లబ్బంతా కలిసి ఒక బహుమతి తెచ్చారు. ఎప్పుడో ఎడారి పందేల్లో పరుగెత్తిన బండి ట్యాంకు అది. చంటిపిల్లాడికి అందులో స్నానం చేయించొచ్చు. ఒకసారి నింపితే సముద్రం దాకా వెళ్ళొచ్చినా సగానికి దిగుతుందో లేదో అనుమానమే. దాని మీద కప్పిన దుప్పటి తీసినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళలో తౌనో చేతులు అందరికన్నా ఆఖరున ఆగాయి.

కలెర్వో దాని చుట్టూ ఒకసారి తిరిగి, చాలా పెద్దదన్నాడు. ఇంకోసారి తిరిగి, మరీ పెద్దదేమో అన్నాడు. మనవాళ్ళు ప్రేమగా ఇచ్చినదాన్ని వద్దనే అలవాటు ఆ ఊళ్ళో ఎవరికీ లేదు. అతను తుప్పు మాట ఎత్తబోతే, ఈ జూలైకి క్యాన్లు ఇంట్లో వదిలి వస్తానని సిర్కా అతని దగ్గర అందరి ముందూ మాట తీసుకుంది.

జూలై వచ్చింది. క్యాన్లు లేని కలెర్వో బండి మీద గుండు చేయించుకున్నవాడిలా కనిపించాడు. బండి రంగు నీలమని ఆ రోజే అందరికీ తెలిసింది. సిర్కా పొద్దున్నే అందరినీ బయల్దేరదీసింది. ఆమెకి ఆ రోజు ఆకలి కూడా లేదు. చక్రాలు కదలగానే, ఈసారి గరిటె నాదేననుకుంది.

కొంతదూరం వెళ్ళారో లేదో, కలెర్వో చెయ్యెత్తి ఆగాడు. హెల్మెట్లో కందిరీగ దూరిందన్నాడు. కందిరీగ కనిపించలేదు. ఇంకాసేపటికి చైను దగ్గర చప్పుడు వస్తోందన్నాడు. చైను మీద చెవి పెట్టి విన్నా సిర్కాకి ఏమీ వినిపించలేదు. ఆ తర్వాత రోడ్డు మీదకి ఒక రెయిండీరు వచ్చింది. సిర్కా హారను కొట్టబోతే కలెర్వో వారించి, దానికి తోచినప్పుడు కదలనివ్వమన్నాడు. దానికి చాలాసేపు తోచలేదు. అది కదిలాక సిర్కా బండిని అతని పక్కకి తెచ్చి, ఇంకొక్కసారి ఆగితే ఆ ట్యాంకులోనే నిన్ను ముంచుతానని చెప్పింది.

ఇనారి ఊళ్ళో పెట్రోలు పోయించుకుని, తూర్పు దారి పట్టారు. నార్వే సరిహద్దులోని న్యాతమో చేరేదాకా ఇక పంపు లేదు. సరస్సులూ, రాళ్ళూ, పొట్టి భూర్జవృక్షాలూ తప్ప ఇంకేమీ లేవు. యోర్మా బృందం జాడ లేదు. సిర్కా హెల్మెట్లో గొంతెత్తి పాడుకుంటోంది. కలెర్వో పక్కకి వచ్చి ఆగుదామని సైగ చేశాడు. ఆమె కుదరదని చెయ్యి ఊపింది. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ ఊపింది. మూడోసారి అతను సైగలు మానేసి రోడ్డుకి అడ్డంగా బండి ఆపేశాడు.

సిర్కా దిగి అతని మీదకి నడిచింది.

"ఎంత ఉంది?"

"సగానికి రాబోతోంది."

"వచ్చిందా, రాబోతోందా?"

"ఇంకో రెండు వంకలు తిరిగితే వస్తుంది. అక్కడ ఆగడానికి చోటుండదు. అందుకని ఇక్కడే ఆగాను."

ఆమె ట్యాంకు మూత తీసి చూసింది. పెట్రోలు పైదాకా నిండి మిలమిలలాడుతోంది. నోట్లోంచి మంచి మాటలు రాకముందే వెనకనుంచి తౌనో తిట్లు మొదలయ్యాయి. ఏనుగంత ట్యాంకు కట్టినా వీడి బుద్ధి మారలేదని ఆయన గోల. ఆయన కూడా తన పక్షానే ఉన్నాడన్న ధైర్యంతో సిర్కా అటు తిరిగింది. తౌనో తిడుతూనే రెండు చేతులతో తన కుడి మోకాలు పట్టుకుని, కాలిని సీటు మీదుగా ఎత్తి అవతల పెట్టుకుంటున్నాడు. నేల మీద నిలబడ్డాక బండిని పట్టుకుని కాసేపు కదల్లేదు. తర్వాత హెల్సింకీ కథ ఎత్తుకుని, కుంటుకుంటూ చెట్లలోకి వెళ్ళాడు.

కలెర్వో ట్యాంకు మీదకి వంగి నిలబడ్డాడు. చూపు మాత్రం ట్యాంకులో లేదు, చెట్ల మధ్య నడుస్తున్న పెద్దాయన వీపు మీద ఉంది. తౌనో అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేశాడు. వీపు మెల్లగా నిటారైంది. కుంటడం తగ్గింది. అప్పుడు కలెర్వో మూత బిగించి, సరిపోయిందిలే అన్నాడు.

సిర్కాకి ఇన్నేళ్ళుగా ఆగిన ప్రతిచోటా అందరికన్నా ముందు దిగింది తౌనో కదా అని ఇప్పుడు తట్టింది.

"ఆయనకి తెలుసా?" అని గొంతు తగ్గించి అడిగింది.

"తెలిస్తే ఆగనివ్వడు. తుంటి నొప్పని ఆయన ఎప్పుడూ చెప్పలేదు, నేను అడగలేదు. పెట్రోలు కోసమైతే ఆగొచ్చని గోడ మీద రాసింది ఆయనే కదా."

"మరి పాలకోసం వెళ్ళినా ఆ క్యాన్లెందుకు?"

కలెర్వో కొంచెం సిగ్గుపడ్డాడు. "ఏడాదికోసారే మోస్తే జనానికి అనుమానం రాదూ?"

"అయితే ఆ తుప్పూ, ఆ నురగా అన్నీ అబద్ధమేనా?"

"నురగ నిజం," అన్నాడతను నొచ్చుకుంటూ.

తౌనో తిరిగి వచ్చి, ఈ దరిద్రుడి వల్ల ఇవాళ కూడా తోకే గతి అన్నాడు. సిర్కా బండి ఎక్కి ముందుకి సాగింది. న్యాతమోలో అందరూ మళ్ళీ ట్యాంకులు నింపుకున్నారు. పొద్దున కూడగట్టిన ముందంజ ఇంకా చేతిలోనే ఉంది. సరిహద్దు దాటి, ఆఖరి కొండ ఎక్కేసరికి కింద సముద్రం కనిపించింది. సౌనా గొట్టంలోంచి పొగ లేస్తోంది. పల్లె ముందు ఖాళీ స్థలంలో ఒక్క బండి కూడా లేదు. వెనక్కి చూస్తే, ఎక్కడో దిగువన వంక దగ్గర యోర్మా బృందం లైట్లు వరసగా మిణుకుమంటున్నాయి. ఇక మిగిలింది దిగడమే. మెలికల దారి, అయినా ఇక ఎవరూ అందుకోలేరు.

సిర్కా అద్దంలో చూసింది. తౌనో కుడికాలు పెడలు మీద లేదు, గాలిలో వేలాడుతోంది. తల హ్యాండిలు మీదకి వాలిపోతోంది. ఆ మెలికల్లో అలా దిగితే ఏమవుతుందో బస్సు నడిపే మనిషికి ఒకరు చెప్పక్కర్లేదు. ఆమె కింద ఖాళీ స్థలం వైపు ఒకసారి, లైట్ల వైపు ఒకసారి చూసింది. తర్వాత చెయ్యి పైకెత్తి, బండి పక్కకి తీసి ఆపింది.

"పెట్రోలు అయిపోయింది," అని అందరికీ వినపడేలా చెప్పింది.

ఇందాకే ఆమె ట్యాంకు నింపుకోవడం అందరూ చూశారు. కలెర్వో దిగి, చుట్టిన పడకబట్టల మధ్యనుంచి ఒక సీసా బయటికి లాగాడు. ఏమీ తేనన్నావుగా అని ఎవరో అంటే, క్యాన్లు తేనన్నాను, ఇది సీసా అన్నాడు. వచ్చి సిర్కా ట్యాంకు మూత తీశాడు. పెట్రోలు దాదాపు అంచుదాకా ఉంది. అతను దాన్ని చూశాడు, ఆమెని చూశాడు.

"ఎండిపోయింది," అన్నాడు గంభీరంగా. "ఇంత ఎండిన ట్యాంకు త్వరగా నిండదు. ముందు ఇంజను చల్లారాలి."

గోనెపట్టా పరిచాడు. గరాటు తుడిచాడు. గుడ్డ కట్టాడు. మూత తీయని సీసాని గరాటు మీదకి వంచి, బొట్టు బొట్టుగా ఏమీ పోయకుండా ఉండటం మొదలుపెట్టాడు. సిర్కా అడ్డంగా నిలబడి, మరీ వేగంగా పోయకు, నురగ కడుతుందని హెచ్చరించింది. వాళ్ళ వెనక తౌనో అప్పటికే దిగి, పొదల వైపు నడుస్తూ, ఈ జబ్బు నీకు కూడా అంటుకుందా అని సిర్కాని తిడుతున్నాడు. ఆమె తల వంచుకుని ఆ తిట్లన్నీ విన్నది. ఇంత హాయిగా ఆమె ఎప్పుడూ తిట్లు తినలేదు. యోర్మా బృందం హారన్లు మోగించుకుంటూ పక్కనుంచి దిగిపోయింది.

సాయంత్రం గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. యోర్మా గరిటె ఊపుతూ, ఈసారి ఎవరి ట్యాంకు ఎండిందని అడిగాడు. నాదే అంది సిర్కా. యోర్మా ఇంతకాలం దాచుకున్న హాస్యమంతా ఆమె గిన్నెలో పోశాడు, దానితో పాటు పొరపాటున రెండు మంచి చేప ముక్కలు కూడా పడ్డాయి. ఆమె వాటిలో ఒకటి కలెర్వో గిన్నెలో వేసింది.

వాళ్ళ వెనక తౌనో కర్రలా నిటారుగా నిలబడ్డాడు.

"ఈ ఇద్దరూ అడ్డం పడకపోతేనా," అని యోర్మాతో చెప్పాడు, "సోదన్‌క్యులాలో ఎక్కినవాణ్ణి ఇక్కడే దిగేవాణ్ణి."

అది నిజమో కాదో చెప్పగలిగినవాళ్ళు అక్కడ ఇద్దరే ఉన్నారు. ఇద్దరి నోళ్ళ నిండా చేప ముక్కలున్నాయి.