ఒక ఫొటో, ఇద్దరి సంతకాలు: జనగామ నుంచి గంగారం దాకా

యుద్ధాల్లో పతకాలు పొందిన సైనికాధికారుల ఫొటోల మీద వాళ్ల చేతనే సంతకం చేయించి దాచుకోవడం నాకు కాలేజీ రోజుల నుంచి అలవాటు. చాలావరకు పోస్టులో తెప్పించుకున్నవే. తొర్రూరులో మూతపడుతున్న ఒక స్టూడియోలో డెబ్భై ఒకటి యుద్ధం నాటి ఫొటో దొరికినప్పుడు మాత్రం స్వయంగా వెళ్లాలనిపించింది. చేతికి కట్టుతో ఒక యువ అధికారి, పక్కన బక్కపలచటి సిపాయి. అధికారి పేరు విఠల్ రెడ్డి అని, పతకం పొంది, మేజరుగా రిటైరై ఆ ఊళ్లోనే ఉంటున్నారని, ఆ రోజు మాత్రం ఊళ్లో లేరని స్టూడియో యజమాని చెప్పాడు. ఈలోగా ప్రత్యేక తెలంగాణ కోసం మొదలైన సమ్మెతో నేను పాఠాలు చెప్పే బడికి తాళం పడింది. సరే, బయలుదేరాను.

బస్సులు లేవు. జనగామ చౌరస్తాలో పొద్దున్నే షేరింగు జీపు ఎక్కాను. పాలకుర్తి మీదుగా తొర్రూరుకు అరవై రూపాయలు, దాదాపు రెండు గంటలు. "దారిల సమ్మెవోళ్లు ఆపుతరా అన్నా?" అని డ్రైవరును అడిగాను. "ఆపితే ఆగుడే అక్కా. మనోళ్లే కదా," అన్నాడు. ఆ దారిలో ఎవరూ ఆపలేదు.

తొర్రూరులో తమ ఇంట్లో మేజరు గారు ఫొటోను చాలాసేపు చూశారు గాని పెన్ను అందుకోలేదు. "ఈ పక్కనున్నోడు భద్రు. నాకు తూటా తగిలితే వీపు మీదేసుకొని మోసుకొచ్చిండు. పతకం నాకిచ్చిండ్రు. ముందుగాల వాని సంతకం కావాలె," అన్నారు.

"ఆయన యాడుంటరు సార్?"

"గంగారం దిక్కు, ఒక తండాల. నేనెన్నడు పోలే." లేచి, కారు తాళంచెవి అందుకున్నారు. "పోదాం పా బిడ్డా."

నెల్లికుదురు దగ్గర సమ్మెవాళ్లు రోడ్డుకు అడ్డంగా రాళ్లు పెట్టి, నిరసనగా అక్కడే వంటావార్పు చేస్తున్నారు. గరిటె పట్టుకున్న ఒక అవ్వ కారులోకి తొంగిచూసి, "గీ ఎండల యాడికి పోతరు బాపూ? ఇంత తిని పోండ్రి," అంది. నడిరోడ్డు మీద కూర్చుని పప్పన్నం, మామిడికాయ తొక్కు తిన్నాం. తిన్నాక వాళ్లే రాళ్లు జరిపి దారిచ్చారు. మహబూబాబాద్, గూడూరు దాటాక అడవి మొదలైంది. కొత్తగూడ తర్వాత రోడ్డంతా గుంతలే. గంగారంలో దారి అడుగుతూ తండా చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది.

భద్రు పత్తి చేనులోంచి వచ్చాడు. మేజరును గుర్తుపట్టి, సెల్యూట్ చేయబోయి, చెయ్యి దించేశాడు.

"పతకం నీకు రావాల్సింది భద్రూ," అన్నారు మేజరు.

"పతకం నేనెన్నడన్న అడిగిన్నా సాబ్? సెలవు మీద మీ ఇంటికొస్త, మీ అమ్మ చేతి రొట్టె తింట అని మీరే అన్నరు. మీ సాబ్ ఎప్పుడొస్తడని మా అమ్మ సచ్చిపోయేదాక అడిగింది."

మేజరు దాచుకోలేదు. "మా ఇంట్ల దొరతనం. తండాకు పోయి తింటే నలుగురు ఏమంటరో అనుకున్న. గంతే. ఇంకేం అడ్డం లేకుండె."

 భద్రు తన భార్య జమ్లితో లంబాడీలో ఏదో అన్నాడు. ఆమె లేచి పొయ్యి రాజేసింది. జొన్నరొట్టె, మిరపకాయల కారం పెట్టింది. మేజరు తల ఎత్తకుండా రెండు రొట్టెలు తిన్నారు. మూడోది భద్రు తన చేత్తో వేశాడు.

పటాలంలో నేర్చుకున్న హిందీ అక్షరాలతో భద్రు ఫొటో మీద సంతకం చేశాడు. దాని కింద మేజరు చేశారు. ఇంత మంచి ఫొటో నా దగ్గర ఇంకోటి లేదని మురిసిపోతుండగా, జమ్లి దాన్ని చేతిలోకి తీసుకుంది. "గిది మాకిస్తవా బిడ్డా? ఆయన పడుచుతనం ఫొటో ఇంట్ల ఒక్కటి లేదు." వెంటనే ఔననలేకపోయాను. కానీ ఆమె వేలు ఆ సిపాయి ముఖం మీదే ఉంది. ఉంచుకోమన్నాను.

తిరుగుదారిలో మేజరు నన్ను మహబూబాబాద్ స్టేషన్లో దింపారు. జనగామకు రైలు దొరికింది. పోస్టులో వచ్చిన ఫొటోల్లోని వీరులను మోసుకొచ్చింది ఎవరో నాకు తెలియదు. వాళ్ల సంతకాలు మాత్రం ఉన్నాయి. ఈ ఒక్క ఫొటో నా దగ్గర లేదు, అందులోని ఇద్దరూ తెలుసు. నాకు ఇదే ఎక్కువనిపిస్తోంది. ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లు ఫొటో రెండు కాపీలు తీయించుకుని వెళ్లండి. ఒకటి ఆ ఇంట్లోనే ఉండిపోతుంది.