అసలు పాటలో మేక లేదు

ఒక మేక వల్ల నా పరువు, మా బావ ఆశ, మా అక్క నాతో మాట్లాడే నాలుగు మాటలు, అన్నీ ఒకే సాయంత్రం పోయాయి. మేక తప్పేమీ లేదు. అది సొరపాదు మేసింది, అంతే. మిగతాదంతా నా చదువు చేసిన ఘనకార్యం.

చదువంటే కాలేజీ చదువు అనుకునేరు. కాలేజీకీ నాకూ ఇంటర్ దగ్గరే చెడింది. నాది లైబ్రరీ చదువు. సూర్యాపేట లైబ్రరీలో ఫ్యాన్ కింది కుర్చీ మా తాత నాకు రాసిచ్చినట్టే కూర్చునేవాణ్ణి. చరిత్ర, తత్వం, తేనెటీగల పెంపకం, ఏది చేతికందితే అది చదివాను. తేనెటీగల మీద ఇప్పటికీ గంటసేపు మాట్లాడగలను. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఆ జ్ఞానమంతా పెట్టుబడిగా బస్టాండు పక్కన 'జ్ఞానజ్యోతి మొబైల్స్' అని కొట్టు తెరిచాను. పేరు చూసి భయపడకండి. ఫోన్లలోకి ఇంటర్నెట్ ఇంకా అందరికీ రాని రోజులవి. జనం గోరంత మెమరీ కార్డు ఇస్తారు, నేను దాన్ని కంప్యూటర్‌కు గుచ్చి పాటలు, సినిమాలు ఎక్కించి ఇస్తాను. వాటిలో నేను కొన్నది ఒక్కటీ లేదు. నా కంప్యూటర్లోని సాఫ్ట్‌వేర్ కూడా ఎవరో తాళం పగలగొట్టి ఇచ్చిందే. ఇదేం న్యాయమని ఎవరూ అడగలేదు గానీ, అడిగితే చెప్పడానికి జవాబు సిద్ధంగా ఉండేది. అడక్కపోయినా చెప్పేవాణ్ణి.

"లైబ్రరీల పుస్తకం ఉత్తగనే సదువుకుంటలేమా? ఇది గూడ గసొంటిదే. కళ అంటే కాలువ నీళ్లు. పారాలె."

పాటలు ఎక్కేలోపు గిరాకీలకు ఈ ఉపన్యాసం ఉచితం. కొందరు కార్డు సగం నిండగానే చాలన్నా అని లాక్కుని పోయేవారు.

మా అక్క లచ్చమ్మను గరిడేపల్లి దగ్గరి పల్లెలో ఇచ్చారు. బావ సైదులు మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లులో హమాలీ. బస్తాలు మోస్తూనే పాటలు కట్టేవాడు. బావ గొంతెత్తితే మిల్లు ముందు లారీ డ్రైవర్లు హారన్ కొట్టడం ఆపేవారు. మిర్యాలగూడలో అది చిన్న సంగతి కాదు.

"నడుము ఇగ వశం అయితలేదు బామ్మర్దీ" అన్నాడొకరోజు. "ఒక్క సీడీ నడిస్తే చాలు. పెండ్లిళ్లకు, జాతర్లకు పాడుకుంట బతుకుత. ఈ బస్తాలకు ఒక దండం."

హైదరాబాదులో స్టూడియో మాట్లాడుకున్నాడు. దాని ఖర్చుకు అక్క బిడ్డలా సాకిన మేకను అమ్మేద్దామని ఇద్దరూ అనుకున్నారు. అమ్మకముందే ఒక పొద్దున బావ వాకిట్లో కూర్చుని తన ఫోన్‌లో పాట రికార్డు చేసి, ఆ కార్డు నాకు తెచ్చిచ్చాడు.

"నువ్వు సదువుకున్నోనివి. ఇది ఇని, సీడీ అట్ట మీద నాలుగు మంచి మాటలు రాయాలె. ఇడుదల నాడు మైకుల గూడ నువ్వే మాట్లాడాలె."

"తప్పకుండ బావా. కళ అంటే కాలువ..."

"అవన్ని ఆ దినం మాట్లాడుదువు. పాట మాత్రం ఎవ్వలకియ్యకు. ముందుగాల సీడీ రానియ్యి."

"నా మీద నమ్మకం లేదా బావా?"

"ఉండబట్టే గద ఇచ్చిన."

ఈ మాట జర గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

ఆ సాయంత్రం కొట్టు తలుపు దగ్గరగా వేసి విన్నాను. "బస్తా మోసిన భుజం మీద నీ చెయ్యేస్తే పిల్లా, బరువంతా పత్తి లెక్క ఎగిరిపోతదె పిల్లా" అని వెన్న కరిగినట్టు పాడి, బావ అదే ఊపిరిలో ఒక కేక పెట్టాడు.

"ఓ లచ్చీ! మేక సొరపాదు మేస్తున్నదే, కట్టెయ్యే!"

వెనక నుంచి 'మే' అని మేక జవాబు. మళ్లీ ఏమీ జరగనట్టు తర్వాతి చరణం. నేను పడీపడీ నవ్వాను. తర్వాత మళ్లీ వింటే కళ్లు చెమర్చాయి. అంత బాగుంది పాట.

మర్నాడు ఒక ట్రాక్టర్ డ్రైవర్ కార్డు పట్టుకుని వచ్చాడు.

"కొత్తది ఏమన్న ఉంటే ఎక్కియ్యన్నా. ఊరందరి తాన ఉన్నదే నువ్వు గూడ ఇస్తవ్. గింత సదివి ఏం లాభం?"

చదువు జోలికొస్తే నేను ఊరుకోను. "ఎవ్వరి తాన లేనిది ఒకటుంది" అని నోరు జారాను. నోటి వెనకాలే చెయ్యి కూడా జారింది. ఎవరికీ ఇవ్వొద్దని గట్టిగా చెప్పాను. వాడు కూడా "నమ్మకం లేదా అన్నా?" అన్నాడు, నేను బావతో అన్నంత గట్టిగా.

వారం తిరక్కుండానే ఆ పాటే కావాలని జనం వచ్చారు. ఇది దొంగతనం కాదు, ప్రచారం అని నాకు నేనే చెప్పుకుని అందరికీ ఎక్కించాను. అన్ని పాటలకూ చేసే అలవాటు కొద్దీ, పాడినవారి పేరు ఉండాల్సిన చోట 'జ్ఞానజ్యోతి, సూర్యాపేట' అని మా కొట్టు పేరు కొట్టాను.

ఆ మధ్య సరుకు కోసం కోదాడ వెళ్లి ఆటో ఎక్కితే బావ గొంతు వినబడింది. గుండె పొంగింది.

"ఈ పాట ఎవరిది?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"మేక పాటండీ. మా స్టాండులో అందరి ఫోన్లలో ఇదే" అన్నాడు డ్రైవరు.

"పాడింది ఎవరో?"

అతను ఫోన్ చూశాడు. "జ్ఞానజ్యోతి అంటండీ. ఆవిడెవరో గానీ గొంతు మాత్రం మగాళ్లకు మల్లే ఉంటుంది."

ఆటోలో పొట్ట పట్టుకుని నవ్వాను. ఏడవాల్సిన చోట నవ్వడం నాకు మొదటినుంచీ ఉన్న జబ్బు.

విడుదల సభ మిర్యాలగూడలో మిల్లుల దగ్గర, టెంటు కింద. హమాలీలు, డ్రైవర్లు, చుట్టుపక్కల జనం బాగా వచ్చారు. అట్టపెట్టెల నిండా సీడీలు. వాటి పక్కన కొత్త చీరలో మా అక్క. అమ్మే పని ఆమెది. నేను మైకు అందుకుని, ఇన్నేళ్లకు అవకాశం దొరికిందని తేనెటీగలతో మొదలుపెట్టాను.

"కళాకారుడు పువ్వు. ప్రజలు తేనెటీగలు. తేనెటీగ పువ్వును అడిగి తేనె..."

"ఓ అన్నా, దిగు! మేక పాట పెట్టు!" అని వెనక నుంచి అరుపు.

బావకు ఆ మేక సంగతేమిటో అర్థం కాలేదు. మైకు తీసుకుని పాట ఎత్తుకున్నాడు. జనం కూడా అందుకున్నారు. బావ ముఖం వెలిగిపోయింది. చూసినవా అన్నట్టు అక్క వైపు చూశాడు. ఆ ఒక్క చరణం సేపే మా బావ గొప్ప గాయకుడు. తర్వాత 'ఎగిరిపోతదె పిల్లా' దగ్గర అతను ఊపిరి తీసుకునేలోపు టెంటు మొత్తం ఒక్క గొంతుతో లేచింది.

"ఓ లచ్చీ! మేక సొరపాదు మేస్తున్నదే, కట్టెయ్యే!"

ఆ వెంటనే ముందు వరస పిల్లలు 'మే' అన్నారు.

తన పేరు వినబడగానే అక్క దిగ్గున లేచి, అలవాటు కొద్దీ మేక కోసం అటూ ఇటూ చూసింది. మేక ఎక్కడుంది? అమ్మేశారు కదా. మెల్లగా మళ్లీ కూర్చుంది.

బావ మైకు కిందికి దించి నా దగ్గరికి వచ్చాడు. దాన్ని ఆపడం మరిచిపోయాడు కాబట్టి తర్వాతి మాటలు మిర్యాలగూడ అంతా విన్నది.

"గది నా వాకిట్ల నేనన్న మాట. ఆ కార్డు ఒక్కని చేతికే ఇచ్చిన."

"బావా, ప్రచారం అయితదని..."

"అయింది" అన్నాడు.

జనం ఫోన్లు చూపించి, మా తాన ఉందన్నా అని నవ్వుకుంటూ లేచిపోయారు. అక్క పెట్టెలు మూసుకుంటూ అడిగింది.

"తమ్ముడూ, లైబ్రరీ పుస్తకం సదివినంక ఏం జేస్తవ్?"

"వాపస్ ఇస్తనక్కా."

"మరి మా పాట గూడ వాపస్ తెచ్చియ్యి."

నేను ఒక పెట్టె ఎత్తి భుజాన పెట్టుకున్నాను.

పరిహారంగా ఆ సీడీలు నేనే అమ్మిపెడతానని పెట్టెలు కొట్టుకు తెచ్చుకున్నాను. మొదటి గిరాకీ ఆ ట్రాక్టర్ డ్రైవరే. మర్నాడు సీడీ తెచ్చి బల్ల మీద విసిరాడు.

"ఏందన్నా, డూప్లికేట్ అంటగట్టినవ్?"

"అసలు ఇదేరా! స్టూడియోల పాడింది!"

"అసలు దాంట్ల మేక ఉంటది. దీంట్ల లేదు. నన్ను పాగల్ గాన్ని చేస్తున్నవా?"

ఆ రోజు నుంచి సూర్యాపేటలో నా దొంగపాట అసలైంది, బావ అసలు పాట దొంగదైంది. పెట్టెలు బస్సు మీద వేసుకుని బావ ఇంటికి పోయాను. భుజానికి ఉప్పు కాపడం పెట్టుకుంటూ కూర్చుని ఉన్నాడు. జరిగింది చెప్పి, "పోనీ బావా, మేకను పెట్టి ఇంకోసారి సీడీ తీద్దాం" అన్నాను.

బావ కాపడం మూట పక్కన పెట్టాడు.

"మేకను అమ్మి సీడీ తీసిన బామ్మర్దీ. ఇప్పుడు సీడీ అమ్ముదామంటే మేకను తెమ్మంటున్నరు."

అని నవ్వాడు. నేనూ నవ్వాను. అక్క నవ్వలేదు. మర్నాడు బావ మిల్లుకు పోయాడు. ఇప్పటికీ పోతున్నాడు. బస్తా మోస్తూ పాడటం మాత్రం మానేశాడు. మిల్లు ముందు లారీలు ఇప్పుడు ఆపకుండా హారన్ కొడుతున్నాయి.

కనుక లైబ్రరీలోని 'నిశ్శబ్దం పాటించండి' బోర్డు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఒకరి పాట, ఒకరి సినిమా, ఒకరి సాఫ్ట్‌వేర్ వాళ్లను అడగకుండా ఎవరికీ ఎక్కించను. ఒకరి గొంతు మీద నా కొట్టు పేరు కొట్టను. తేనెటీగల ప్రస్తావన తేను. ఎక్కడైనా మేక సొరపాదు మేస్తూ కనబడితే, ముందు అది ఎవరిదో అడిగి, ఆ తర్వాతే తాడు ముట్టుకుంటాను.